యురేనియపు నేలల తారతమ్యము

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్టభూముల క్రింద నేమున్నదో ప్రభుత్వమువారు చాలకాలముగా వెదకుచున్నారు. పురాతనమైన గ్రానైటుపై శ్రీశైలపు గట్ల క్వార్ట్జైటు పఱచుకొనిన తావుల, ఆ రెంటి సంధియందు యురేనియము చేరియున్నది. కృష్ణ చేరువనున్న లంబాపురము, పెద్దగట్టులయందిది స్థిరపడినది. 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలో చేరిన అమ్రాబాదు పీఠభూమియందును దీనినే వెదకదలచిరి.

ఏ తావును ముందు త్రవ్వవలయును? భూగర్భశాస్త్రజ్ఞులు బోర్లు దింపి, కిరణములను కొలిచి, లోహపుఁ బాలెంత, పొర మందమెంత, లోతెంత, రాశి యెంత యని లెక్కింతురు. ఈ నాల్గింట మెఱుగైనది మొదటిదగును. నీటి సంగతి తరువాతి విచారణకు మిగులును. మా యభ్యంతరమంతయు నిక్కడనే.

మన దేశపు యురేనియపు రాతిలో సాధారణముగా వెయ్యింట నొకపాలు లోహముండుటయే గొప్ప. తక్కినదంతయు పొడియై, బురదయై, చెఱువువంటి గుంటలో నిలువచేయఁబడును. యురేనియమును తీసికొన్నను రేడియము ఆ బురదలోనే యుండిపోవును. దాని తీవ్రత సగమగుటకే సుమారు 1600 సంవత్సరములు పట్టును. అన్ని తరములు ఆ గుంటగట్టును కాచువారెవరు? ఇట్టి పనికిఁ దలపెట్టిన చోటు, 1955లో శంకుస్థాపనయై 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము ప్రక్కనున్నది. హైదరాబాదునకు త్రాగునీ రందించు అక్కంపల్లి జలాశయమును దూరము కాదు. అదియునుగాక, నల్లగొండ ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగినవారిని తరములుగాఁ జూచిన జిల్లా. నీరు చెడిన పిమ్మట బాగుచేయుట యెంత కష్టమో యీ జిల్లావారికి నొకరు చెప్పనక్కఱలేదు.

2003 ఆగస్టులో జరిగిన బహిరంగ విచారణలో గ్రామస్థులు తమ వ్యతిరేకతను స్పష్టముగాఁ జెప్పిరి. గని నేఁటివఱకును తెరువఁబడలేదు. 2019లో కేంద్రపు అటవీ సలహాసంఘము అమ్రాబాదు పులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు సూత్రప్రాయముగా సమ్మతించెను. పులుల మేలుకై చెంచులను అడవి వీడుమని యొకవంకఁ జెప్పుచు, వేఱొకవంక బోరుయంత్రములకు దారి తీయుట వింతగా లేదా? ఆ సెప్టెంబరులోనే రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియపు త్రవ్వకములు వలదని తీర్మానించెను.

దేశమునకు విద్యుచ్ఛక్తి వలదని మే మనుట లేదు. జాదుగూడలో 1967 నుండి యురేనియము తీయుచునే యున్నారు. కడపజిల్లా తుమ్మలపల్లి నిక్షేపము లంబాపురముకంటె నెన్నియో రెట్లు పెద్దది. అక్కడి రైతులు తమ బోరునీరు చెడినదని మొఱపెట్టుకొనిరి. ముందా మొఱను తీర్చి, ఆ గుంటలను కట్టుదిట్టము చేసి చూపవలయును. అంతటి రాశి చేతనుండఁగా జలాశయపు టొడ్డునఁగల చిన్న రాశికి చేయిచాఁప నేల? మఱల నెన్నఁడైన లంబాపురపు మాట యెత్తుదురేని, బోరు దింపుటకు ముందే చుట్టుపట్ల గ్రామముల బావినీటిని పరీక్షించి, యా యంకెలను తెలుఁగున ముద్రించి ప్రతి పంచాయతీ కార్యాలయమునందును అంటింపవలయును.