అక్కర్లేని కోత తప్పించే లెక్క

గర్భాశయ లోపొర క్యాన్సర్‌కు సర్జరీ చేసేటప్పుడు చాలామందికి పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులనూ తీసేస్తుంటారు. క్యాన్సర్ వాటికి పాకిందేమోనన్న అనుమానమే కారణం. నిజానికి తొలిదశలో అలా పాకేది 4 నుంచి 22 శాతం మందిలోనే. మిగతావారికి అది అక్కర్లేని కోత. పైగా కాళ్లవాపు వంటి ఇబ్బందులు దీర్ఘకాలం వేధించొచ్చు.

మరి గ్రంథులు ఎవరికి తీయాలో ముందే తెలిసేదెలా? ఈ చిక్కుముడిపై పనిచేసినవారిలో ఎం.విద్యాసాగర్ ఒకరు. 1947లో గుంటూరులో పుట్టిన ఆయన డాక్టర్ కాదు, ఇంజినీర్. హైదరాబాద్‌లో టీసీఎస్‌లో పనిచేసి, 2009లో అమెరికాలోని టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లాక క్యాన్సర్ పరిశోధన వైపు మళ్లారు. 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

అనుమానానికీ కొలత

ఒక కబురు మన అనుమానాన్ని ఎంత తగ్గిస్తే అందులో అంత సమాచారం ఉన్నట్టు. 1948లో క్లాడ్ షానన్ రూపొందించిన ఇన్‌ఫర్మేషన్ థియరీ సారం ఇదే. డీఎన్ఏ కూడా నాలుగు అక్షరాల రాతే కాబట్టి ఇది జీవశాస్త్రానికీ పనికొచ్చింది. ఈ తరహా గణితాన్ని జీవశాస్త్రానికి ఎలా వాడొచ్చో వివరిస్తూ విద్యాసాగర్ 2014లో పుస్తకం రాశారు.

కణితిలో కొలవదగిన మైక్రో ఆర్ఎన్ఏలు వందల్లో ఉంటాయి. పనికొచ్చే కబురు చెప్పేవి కొన్నే. ఆయన బృందం 86 కణితులను పరిశీలించి, అలాంటివి 18 ఏరింది. 2017లో వెల్లడైన ఫలితాల ప్రకారం.. మరో 28 కణితులపై పరీక్షించగా, గ్రంథులకు పాకినవాటిలో 90 శాతం, పాకనివాటిలో 80 శాతం సరిగ్గా గుర్తించింది. 28 చిన్న సంఖ్యే. పెద్దఎత్తున రుజువైతేనే ఇలాంటి పరీక్షను చికిత్సలో నమ్ముకోగలం.

అందాకా మన చేతిలో ఉన్నది త్వరగా గుర్తించటమే. నెలసరి నిలిచాక కొద్దిపాటి రక్తం కనిపించినా వెంటనే డాక్టర్‌ను కలవాలి.