తరగతికి తేలికైన టాబ్లెట్: తూకమొక్కటే చాలదు

పాత టాబ్లెట్‌ను మార్చదలచినప్పుడు మేము మొదట బరువే చూశాము. 2010లో వచ్చిన తొలి ఐప్యాడ్ 680 గ్రాములు. 2013 నాటి ఐప్యాడ్ ఎయిర్ 469. ఒక చేత పట్టుకొని మరొక చేత రాస్తూ గంటసేపు పాఠం చెప్పేవారికి ఈ తేడా చిన్నది కాదు.

అయితే తెలుగు పాఠానికి తూకమొక్కటే చాలదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే 6 సంకేతాల వరుస. నేటి టాబ్లెట్లు వీటిని సాధారణంగా చక్కగానే కూర్చి చూపుతాయి. చిక్కంతా పాత పాఠాలతోనే. యూనికోడ్‌కు ముందరి ఫాంట్లలో టైపు చేసుకొన్నవి అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. పి.డి.ఎఫ్.గా మార్చితే చదవవచ్చు గాని, అందులో తెలుగు పదాన్ని వెతకలేము. కనుక పాత కంప్యూటరును వదిలేముందే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇక కలం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో తమిళమో రాసే పిల్లలకు తలకట్టు, ఒత్తు చేత్తో రాసి చూపక తప్పదు. అరచేయి ఆనినా పిచ్చిగీతలు పడని తెర కావాలి.

రేపు బోధించబోయే మీరు దుకాణానికి మీ పాఠమొకటి వెంట తీసుకువెళ్ళి తెరిచి చూడండి. కలంతో ‘జ్ఞ’ రాసి చూడండి. తూకం ఆ తరువాత.