నిజం ఒకటి... అబద్ధం సున్నా!

'వాన పడితే ఆట ఆగుతుంది. ఆట ఆగలేదు. అంటే వాన పడలేదన్నమాట!' ఇలాంటి తర్కాన్ని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త క్రిసిపస్ సూత్రాలుగా చెప్పాడు. దాన్ని లెక్కగా మార్చింది మాత్రం జార్జ్ బూల్.

1815లో ఇంగ్లండ్‌లోని లింకన్‌లో చెప్పులు కుట్టే వ్యక్తి ఇంట పుట్టాడు బూల్. కాలేజీలో చదవకుండానే సొంతంగా గణితం నేర్చుకుని ఐర్లండ్‌లోని కార్క్‌లో ప్రొఫెసరయ్యాడు. వాక్యం నిజమైతే 1, అబద్ధమైతే 0 అంటూ 1854లో పుస్తకం రాశాడు. రెండు వాక్యాలూ నిజమా అని తేల్చాలంటే వాటి అంకెల్ని గుణిస్తే చాలు. ఒక్కటి అబద్ధమైనా జవాబు సున్నానే!

1864లో ఓరోజు వానలో తడుస్తూ నడిచి వెళ్లి, ఆ తడిబట్టలతోనే పాఠం చెప్పాడు బూల్. జబ్బుపడి 49 ఏళ్లకే కన్నుమూశాడు.

కరెంటు స్విచ్చులకూ ఆ లెక్క సరిపోతుందని 1937లో అమెరికా విద్యార్థి క్లాడ్ షానన్ చూపించాడు. ఇప్పుడు మన సెల్‌ఫోన్లు నడిచేదీ ఆ లెక్కతోనే!