వెన్నుపూసలకు అతుకు: ఆ ఎముక ఎక్కడిది?

వెన్నెముక ఒకే ఎముక కాదు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న వెన్నుపూసల వరుస. పూసల నడుమనున్న డిస్కు అరిగినపుడు, పూస స్థానం తప్పినపుడు, లేదా క్షయ దానిని తినివేసినపుడు వెన్ను నిలకడ కోల్పోతుంది. నరాలపై ఒత్తిడి పడుతుంది. ఇతర చికిత్సలు ఫలించని కొందరికి శస్త్రవైద్యులు రెండు మూడు పూసలను కలిపి ఒకే ఎముకగా చేస్తారు. దీనినే స్పైనల్ ఫ్యూజన్ అంటారు. 1911లో న్యూయార్కు వైద్యులు రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ వేర్వేరుగా ఈ పద్ధతిని ప్రకటించారు. హిబ్స్ పూసల ఎముకనే వినియోగించగా, ఆల్బీ రోగి కాలి ఎముక నుండి ముక్క తీసి అమర్చాడు.

నేడు టైటానియం మరలు, కడ్డీలు కూడా బిగిస్తున్నారు. వెన్నును అతికేది ఇవేనని చాలామంది తలుస్తారు. అది సరికాదు. అతుకు పడేవరకు పూసలను కదలకుండా పట్టి ఉంచడమే లోహం పని. అసలు అతుకు వేసేది ఎముక. అందుకు నెలలు పడుతుంది. ఎముక కలియకపోతే మరలు వదులు కావచ్చు, కడ్డీ విరగవచ్చు. పొగత్రాగేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ.

అతుకుకు వాడే పదార్థాలు ముఖ్యంగా నాలుగు విధాలు:

1. రోగి సొంత ఎముక. తరచుగా తుంటి నుండి తీస్తారు. ఇందులో జీవకణాలు ఉంటాయి. అయితే తీసిన చోట నొప్పి కొంతకాలం బాధించవచ్చు.

2. మరణించిన దాత ఎముక. శుద్ధిచేసి నిలువ ఉంచుతారు. దీని పొడిని ముద్దగా చేయడానికి కొన్ని ఉత్పత్తులలో పంది జెలటిన్ వాడబడింది.

3. కాల్షియం ఫాస్ఫేటు వంటి కృత్రిమ పదార్థాలు. వీటి ఆధారంగా కొత్త ఎముక పెరుగుతుంది.

4. ఎముకను పుట్టించే బీఎంపీ అనే ప్రోటీను. 2002లో అమెరికాలో అనుమతి పొందిన రకాన్ని పశువుల కొల్లాజెన్ స్పాంజిలో నింపి అమర్చుతారు. మెడ భాగంలో వాడినపుడు ప్రాణాపాయకరమైన వాపు కలిగినట్లు 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఈ పదార్థాల మూలాన్ని గురించిన ప్రశ్న ఫిఖహ్‌కు కొత్త కాదు. హిజ్రీ 676 (1277)లో మరణించిన ఇమామ్ నవవీ తన 'మిన్హాజ్'లో విరిగిన ఎముకకు అశుద్ధమైన ఎముకను అతికించిన సమస్యను చర్చించారు. శుద్ధమైనది దొరకక అలా చేసినవాడు క్షమార్హుడు. దొరికి కూడా చేసినవాడు దానిని తీసివేయాలి. తీయడం వల్ల స్పష్టమైన హాని కలుగుతుందనే భయముంటే తీయనవసరం లేదు. ఇక రోగి సొంత శరీరభాగాన్ని అతని శరీరంలోనే మరొకచోట అమర్చడాన్ని, హానికంటే మేలు అధికమైతే, 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ అనుమతించింది. మరణించినవారి శరీరభాగాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది.

కనుక శస్త్రచికిత్సకు ముందే వైద్యుణ్ణి కొన్ని విషయాలు అడగాలి: ఏ పదార్థం వాడుతున్నారు? అది మనిషిదా, జంతువుదా? ఏ జంతువుది? బదులుగా మరొకటి వాడితే అతుకు అంతే బాగా పడుతుందా? ముఫ్తీ గారి సలహా కోరేవారు ఈ జవాబులు వెంట తీసుకొని వెళ్ళాలి. పదార్థం ఏదో, దానికి ప్రత్యామ్నాయం ఉందో లేదో తెలియకుండా ధర్మనిర్ణయం చెప్పడం ఆయనకూ సాధ్యం కాదు.