గాలపు చెరువులో ఒక పూట: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో రుసుముతో చేపల వేట – నిర్వహణ సూత్రాలు

ఉపోద్ఘాతం

చేపలు నింపిన చెరువు గట్టున కూర్చొని, నిర్ణీత రుసుము చెల్లించి, గాలం వేసుకొనే అవకాశాన్ని సందర్శకులకు కల్పించే పద్ధతి అనేక దేశాలలో ఉన్నది. కోల్‌కతా పరిసరాలలో టికెట్టు తీసుకొని చెరువులలో గాలం వేయడం పాత అలవాటు. బ్రెజిల్‌లో ఇటువంటి చెరువులు పట్టణ కుటుంబాలకు సెలవుదిన విడిదులుగా విస్తరించాయి. మన దేశంలో 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వినోద మత్స్య రంగానికి కూడా చోటు కల్పించారు.

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నాయి. మిర్యాలగూడ వరి మిల్లులకు ప్రసిద్ధి. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు ఆధారం. నీరు, రహదారి, సెలవు పూట గడపగోరే పట్టణ కుటుంబాలు మూడూ ఉన్నందున ఒక చిన్న చెరువు గల రైతు ఈ ఆలోచన చేయడం సహజం. అయితే ఆహారపు చేపల పెంపకంలో నేర్చిన లెక్కలను యథాతథంగా ఇక్కడ వాడితే నష్టం తప్పదు. ఆ తేడాను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చెరువులో అమ్ముడయ్యేది ఏమిటి?

సాధారణ చెరువు దిగుబడిని కిలోలలో కొలుస్తాము. గాలపు చెరువుకు వచ్చిన వ్యక్తి కోరేది బెండు మునిగే క్షణం. నీటిలో ఎంత చేప ఉన్నా, మూడు గంటలపాటు బెండు కదలకపోతే ఆ కుటుంబం మళ్లీ రాదు. కనుక ఇక్కడ ముఖ్యమైన ప్రమాణం చేపల బరువు కాదు, అవి గాలానికి చిక్కే స్వభావం.

ఈ స్వభావం స్థిరంగా ఉండదు. నెదర్లాండ్స్‌లో బంగారుతీగ చేపలపై జరిపిన ప్రయోగాల ఫలితాలను బ్యూకెమా అనే శాస్త్రవేత్త 1970లో ప్రచురించారు. ఒకసారి గాలానికి చిక్కి విడుదలైన చేప ఆ తరువాత చాలాకాలం సులభంగా చిక్కదని అవి తెలిపాయి. పట్టిన చేపనంతా తిరిగి వదిలించే యజమాని చేపలను పొదుపు చేస్తున్నానని భావిస్తాడు. నిజానికి అతని చెరువు నెలనెలా గాలాన్ని ఎరిగిన చేపలతో నిండుతుంది.

కనుక పట్టిన చేపలో కొంత భాగాన్ని తూకం వేసి సందర్శకునికి అమ్మి, అంత మేరకు కొత్త చేపను చేర్చడం మేలు. ఉదాహరణకు అర ఎకరం చెరువులో కిలో బరువు గల 600 చేపలు ఉన్నాయనుకుందాం. ప్రతి ఆదివారం ఎనిమిది గాలాలకు తలా రెండు కిలోల చొప్పున ఇంటికి ఇస్తే నాలుగు వారాలలో 64 కిలోలు, అంటే చెరువులోని చేపలో సుమారు పదో వంతు బయటకు పోతుంది. నెలకు ఒకసారి అంత చేపను తెచ్చి వదలాలి. ఈ ఖర్చును ముందే లెక్కించి రుసుమును, కిలో ధరను విడివిడిగా నిర్ణయించాలి.

చేపల ఎంపిక

పిల్లలతో వచ్చే కుటుంబాలకు అడుగు పొరలో మేసే బంగారుతీగ, మ్రిగాల, మధ్య పొరలో తిరిగే రోహు అనుకూలం. పిండి ముద్దను, వానపామును ఇవి అందుకుంటాయి. బొచ్చె పై పొరలో సూక్ష్మ జంతువులను వడకట్టి తింటుంది కాబట్టి మామూలు ఎరకు తక్కువగా చిక్కుతుంది. నీటిలో మెల్లగా విడిపోయే తవుడు, చెక్క ఉండ దానికి కావాలి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమేను మాంసాహారి. చిన్న చేపలున్న చెరువులో దానిని కలపరాదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం. గాలానికి బాగా చిక్కుతుందనే కారణంతో దానిని ఎవరూ ప్రోత్సహించకూడదు.

చేప పిల్లలకు బదులు అర కిలోకు పైబడిన చేపలనే వదలాలి. వాటిని చల్లని వేళ తరలించి, 2–3 శాతం ఉప్పు ద్రావణంలో ఒకటి రెండు నిమిషాలు ముంచి చెరువులో విడిచిపెట్టాలి.

వేళల నిర్ణయం

నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయిలో ఉంటుంది. ఆ వేళకు చేప మేతపై ఆసక్తి చూపదు. సూర్యోదయానికే గాలాలు వేయించే బదులు, ఎండ పడి నాచు ప్రాణవాయువును విడుదల చేయనారంభించిన తరువాత చెరువును తెరవడం మంచిది. కార్పు చేపలకు లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రాణవాయువు ఉండాలి.

వేసవి మధ్యాహ్నం సమస్య వేరు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీరు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములను మాత్రమే పట్టి ఉంచగలదు. గాలంతో పెనుగులాడి అలసిన చేప వేడి నీటిలో తేరుకోవడం కష్టం. ఎండాకాలంలో మధ్యాహ్నం విరామం ఇచ్చి, సాయంత్రం తిరిగి అనుమతించాలి.

ఎర, నీరు

మిర్యాలగూడ మిల్లుల వల్ల ఈ ప్రాంతంలో తవుడుకు కొరత లేదు. ఆ సౌలభ్యమే ఒక ప్రమాదం. చేపలను ఆకర్షించాలని ప్రతి సందర్శకుడూ గుప్పిళ్లకొద్దీ చల్లితే మిగిలినది అడుగున కుళ్లి, ప్రాణవాయువును హరించి, అమ్మోనియాను పెంచుతుంది. రోజుకు ఒక్కో గాలానికి ఇంత అని ఎరను నిర్వాహకుడే ముద్దచేసి అందించాలి. ఆ రోజు మేతను అంత మేరకు తగ్గించాలి.

వరి పొలాల నుండి వచ్చే మురుగునీరు చెరువులోకి రాకూడదు. పైరెత్రాయిడ్ పురుగుమందులు స్వల్ప మోతాదులోనైనా చేపలకు ప్రాణాంతకం. హైదరాబాదు మురుగు కలిసే మూసీ నీటిని వాడదలచినవారు ముందుగా పరీక్ష చేయించాలి.

వదిలే చేప పట్ల జాగ్రత్త

ముల్లు లేని కొక్కెం వాడితే గాయం చిన్నదవుతుంది. తడి చేతులతోనే చేపను పట్టాలి. పొడి చేయి దాని ఒంటిపై గల జిగురు పొరను చెరిపివేస్తుంది. ఆ పొర పోయినచోట చలికాలంలో ఎర్రపుండ్ల వ్యాధి ప్రవేశించే అవకాశం ఎక్కువ. ఛాయాచిత్రం కొరకు చేపను గట్టుపై పడవేసే అలవాటును మొదటి రోజే మాన్పించాలి.

భద్రత, హక్కులు

చెరువు గట్టున పిల్లలు ఉంటారు. ఒడ్డు వెంట లోతు తక్కువగా, వాలు మెల్లగా ఉండాలి. కంచె, ప్రాణరక్షక కోట్లు, తాడు అందుబాటులో ఉంచాలి. కార్బన్ ఫైబర్ గాలపు కర్రలు విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. మన పొలాలపై విద్యుత్ తీగలు సాగే తీరు తెలిసినదే. తీగల కింద గాలం వేయడాన్ని పూర్తిగా నిషేధించాలి. గాలిమరల మోటార్లకు ఎర్తింగు తప్పనిసరి.

గ్రామ చెరువులలో చేపల హక్కు సాధారణంగా స్థానిక మత్స్య సహకార సంఘానిది. ఆ సంఘంతో ఒప్పందం లేకుండా ఊరి చెరువులో టికెట్లు అమ్మడం మత్స్యకారుల జీవనాధారాన్ని తాకుతుంది. పట్టా భూమిలోని సొంత చెరువులోనైనా, సంఘమే స్వయంగా నడిపే చెరువులోనైనా ఈ కార్యక్రమాన్ని చేపట్టవచ్చు. రెండవ మార్గంలో వేట నైపుణ్యం గల కుటుంబాలకే గైడు పని, రాబడి దక్కుతాయి.

ముగింపు

పాలేరులోని మత్స్య పరిశోధనా స్థానం, గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ మూడు పట్టణాలకు దగ్గరలో ఉన్నాయి. ఈ పద్ధతిపై ఆసక్తి చూపే రైతు వచ్చినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త అడగవలసిన మొదటి ప్రశ్న చెరువు విస్తీర్ణం గురించి కాదు. పోయిన చేపకు బదులు కొత్త చేప ఎక్కడ నుండి, ఏ ధరకు వస్తుందని అడగాలి. దానికి సమాధానం లేని రైతుకు తొలి నెల ఆదివారాల సందడి చూసి పెట్టుబడి పెట్టవద్దని చెప్పడమే మేలు. సమాధానం ఉన్న రైతుకు మాత్రం అర ఎకరం నీరు, వేపచెట్టు నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, నిర్వహణ నోటుపుస్తకం చాలు. గాలం వేసిన ప్రతివారూ ఎన్ని గంటలు కూర్చున్నారో, ఎన్ని చేపలు పట్టారో ఆ పుస్తకంలో రాయించాలి. గంటకు దక్కే చేపల సంఖ్య తగ్గుతున్నట్లు అందులో కనిపించిన వారమే కొత్త చేపను చేర్చవలసిన వారం.