కెల్లీ చెప్పలేకపోయిన దీపావళి

అమెరికా టీవీ కామెడీల్లో మన పండుగ మీద వచ్చినవాటిలో ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటావని ఎవరడిగినా నా జవాబు ఒకటే. ‘ది ఆఫీస్’ మూడో సీజన్, ఆరో ఎపిసోడ్. పేరే ‘దివాలీ’. ఎన్‌బీసీలో 2006 నవంబరు 2న వచ్చింది. ఆ ఏడు అసలు దీపావళి అక్టోబరు 21నే అయిపోయింది. అంటే టీవీవాళ్లు పన్నెండు రోజులు ఆలస్యంగా పండుగ చేశారన్నమాట! అయినా ఫిలడెల్ఫియా శివార్లలోని మా ఇంట్లో అది ఏటా తప్పని తంతు. కాకరపువ్వొత్తులు కాల్చి లోపలికొచ్చాక, అందరం కూర్చుని మళ్లీ చూడాల్సిందే.

చూడనివారి కోసం రెండు ముక్కలు. మాకు రెండు గంటల దూరంలో ఉన్న స్క్రాంటన్ ఊళ్లో డండర్ మిఫ్లిన్ అనే కాగితాల కంపెనీ ఆఫీసు ఉన్నట్టు కల్పన. మేనేజర్ మైఖేల్ స్కాట్‌గా స్టీవ్ కారెల్ నటించాడు. ఏది అనకూడదో వెతికి మరీ అదే అనే మనిషి. మనసు చెడ్డది కాదు, నోటికే అదుపు లేదు. ఆ ఆఫీసులో పనిచేసే భారతీయ అమెరికన్ అమ్మాయి కెల్లీ కపూర్. ఆ పాత్ర వేసిందీ, ఈ ఎపిసోడ్ రాసిందీ మిండీ కేలింగే. తండ్రి తమిళుడు, తల్లి బెంగాలీ. ఎపిసోడ్‌లో కెల్లీ అమ్మానాన్నలుగా కనిపించేది కేలింగ్ సొంత అమ్మానాన్నలే.

చెంపదెబ్బ నుంచి పిలుపు దాకా

ఈ ఎపిసోడ్ రుచి తెలియాలంటే ముందు మొదటి సీజన్‌లోని ‘డైవర్సిటీ డే’ చూడాలి. అది 2005 మార్చిలో వచ్చింది. అందులో మైఖేల్ భారతీయ కిరాణా కొట్టువాడి యాసను వెక్కిరిస్తూ కెల్లీ ముందు వాగుతాడు. ఆమె ఒక్క మాట అనదు. చెంప ఛెళ్లుమనిపిస్తుంది. ఏడాదిన్నర తిరిగేసరికి అదే కెల్లీ, అదే మైఖేల్‌తో సహా ఆఫీసు మొత్తాన్నీ దీపావళికి పిలుస్తుంది. మొదటిసారి మన యాస వాళ్ల ఆఫీసులో నవ్వులాట. రెండోసారి వాళ్లు మన హాల్లో చెప్పులు విడిచి నిలబడ్డ అతిథులు. ఇక తికమక పడే వంతు వాళ్లది.

ఆ తికమకలే ఎపిసోడ్‌కు ప్రాణం. ఇది కాస్ట్యూమ్ పార్టీ అనుకున్న మైఖేల్, తన స్నేహితురాలు క్యారల్‌కు కూడా అదే చెబుతాడు. పట్టుచీరల మధ్యకు ఆమె చీర్‌లీడర్ వేషంలో దిగుతుంది. సమోసాను స్మోర్స్ అనే తీపి తినుబండారం అనుకుని కొరికి, ఛీ అంటాడు మైఖేల్. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏంజెలా ఘట్టం. తను శాకాహారినని, తినడానికి ఏమైనా ఉందా అని అడుగుతుంది. ఇక్కడున్నదంతా శాకాహారమే అంటారు. అయితే కాస్త బ్రెడ్ చాలంటుంది! ఆఫీసు పాట్‌లక్‌లో ఏ గిన్నెలో ఏ మాంసం ఉందోనని మూతలెత్తి చూసి, చివరికి చిప్స్‌తో సరిపెట్టుకున్న అనుభవం మనలో ఎందరికి లేదు? ఆ ఒక్క నిమిషంలో లెక్క సరిపోతుంది.

మనవాళ్లను కూడా కేలింగ్ వదలలేదు. కెల్లీ చెల్లెళ్ల పేర్లు రూప, నీపా, టిఫనీ. మూడో పిల్లకు వచ్చేసరికి అమ్మానాన్నలు ఏ దేశంలో ఉన్నారో ఆ పేరే చెబుతుంది. ఎక్స్‌బాక్స్ కొనడానికి డబ్బు దాచుకుంటున్నానని ప్రియుడు ర్యాన్ చెప్పినప్పుడు కెల్లీ తల్లిదండ్రుల ముఖాలు చూడండి. ఆ ముఖాలు మన ఇళ్లలో కనిపించనివా?

నవ్వు ఆగే చోటు

మధ్యలో ఒకచోట నవ్వు ఆగిపోతుంది. పెళ్లికి ముందు ఒక్కసారే చూసుకున్నామని, పెళ్లయి ముప్ఫై ఏళ్లయిందని కెల్లీ తల్లి మైఖేల్‌తో అంటుంది. ఆ మాట అతని గుండెలో నాటుకుంటుంది. ఒంటరివాడు కదా. వెంటనే మైకు అందుకుని అంతమంది ముందూ క్యారల్‌ను పెళ్లి చేసుకోమని అడిగేస్తాడు. ఆమె కాదంటుంది. పరాయి ఇంటి పండుగలో, పరాయివాళ్ల మధ్య అంత భంగపాటు! అయినా హాల్లో ఎవరూ అతన్ని గెంటెయ్యరు. కాసేపటికి అదే వేదిక మీద, ఆడం శాండ్లర్ హనుక్కా పాట ధోరణిలో తాను కట్టిన దీపావళి పాట పాడతాడు. పిల్లలూ పెద్దలూ చిందులేస్తారు. పిలిచిన ఇంటివాళ్ల పెద్దమనసు అది. ఎపిసోడ్ దాని గురించి ఒక్క ముక్క ఉపన్యాసం ఇవ్వదు.

‘చాలా పాతది అనుకుంటా’

పార్టీకి ముందు మైఖేల్ ఆఫీసులో ఒక ‘అవగాహన సదస్సు’ పెడతాడు. ప్రసిద్ధ భారతీయులంటూ ముగ్గురిని చూపిస్తాడు. నోబెల్ గ్రహీత సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, దర్శకుడు నైట్ శ్యామలన్, ఇక మూడోవాడు ‘సింప్సన్స్’ కార్టూన్‌లోని కొట్టుయజమాని అపు! తర్వాత కెల్లీని లేపి, దీపావళి ఎలా పుట్టిందో చెప్పమంటాడు. ఆమె తడబడి, తనకు తెలియదని, చాలా పాతది అనుకుంటానని అంటుంది. తిండి, డ్యాన్సు, తన కొత్త డ్రెస్సు గురించి మాత్రం గలగలా చెప్పేస్తుంది. రాముడు, రావణుడు, పట్టాభిషేకం... ఆ కథంతా పొల్లుపోకుండా అప్పజెప్పేది ఎవరనుకున్నారు? బీట్‌రూట్ పండించే రైతు కుటుంబం నుంచి వచ్చిన డ్వైట్.

మొదట్లో అది నాకు వట్టి జోకే. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒక రోజు క్లాసులో, దీపావళి గురించి నువ్వు చెప్పు అని లేపారట. క్లాసులో మన పిల్ల ఒక్కతే. ఇంటికొచ్చి బ్యాగు కింద పడేసి, ‘‘క్రిస్మస్ గురించి చెప్పమని పక్క సీటు పిల్లని ఎవరూ లేపరు కదమ్మా. నన్నే ఎందుకు లేపారు?’’ అంది. ఆ తర్వాత కెల్లీ తడబాటు చూసినప్పుడు నాకు నవ్వొక్కటే రాలేదు. పండుగ జరుపుకోవడానికి దాని చరిత్ర అప్పజెప్పాలన్న షరతు ఇంకెవరికీ లేదు, మన పిల్లలకే ఎందుకు? సంతోషంగా ఉండటమే కెల్లీ జవాబు. అది తప్పు జవాబేమీ కాదు.

అయితే తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో మెలిక ఉంది. డ్వైట్ చెప్పిన కథ మా అత్తగారు చెప్పే కథ కాదు. ఆవిడకు దీపావళి అంటే నరక చతుర్దశి, తెల్లవారుజామున తలంటు, గోగు పుల్లలకు నూనె గుడ్డలు చుట్టి దివిటీలు కొట్టడం, నరకాసురుడి మీదికి విల్లు పట్టి కదిలిన సత్యభామ. వీడియో కాల్‌లో ఆవిడ అదంతా చెబితే మా అమ్మాయి కళ్లింతచేసి, ‘‘యుద్ధం చేసింది ఆవిడా, నానమ్మా?’’ అంది. ఈ కథ ఏ సీరియల్లోనూ, ఏ స్కూలు పుస్తకంలోనూ ఆ పిల్లకు ఎదురు కాలేదు. ఇంట్లో మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. క్లాసులో లేచి చెప్పడానికి కాదు, తన దగ్గర ఉంచుకోవడానికి.

ఆ తర్వాత

2006 నుంచి ఇక్కడ చాలా మారింది. అమెరికా తపాలా శాఖ 2016లో దీపావళి స్టాంపు తెచ్చింది. అపు పాత్ర మీద తెలుగు మూలాలున్న కమెడియన్ హరి కొండబోలు 2017లో ఒక డాక్యుమెంటరీనే తీశాడు. ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనని నటుడు హ్యాంక్ అజారియా 2020లో ప్రకటించాడు. న్యూయార్క్ నగర పాఠశాలలకు దీపావళి సెలవు ఖాయం చేస్తూ 2023లో చట్టం వచ్చింది. 2024లో మా పెన్సిల్వేనియా కూడా దీపావళిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. అంటే స్క్రాంటన్ ఉన్న రాష్ట్రమే! మైఖేల్ స్కాట్ నిజంగా ఉంటే దానికీ ఒక సదస్సు పెట్టి అందరినీ చంపేసేవాడు.

ఈ పండుగకు పిల్లలతో చూస్తారా? కాస్త పెద్దపిల్లలైతేనే మంచిది. ఆ సదస్సులో మైఖేల్ కామసూత్ర బొమ్మలు కూడా పంచుతాడు మరి. చూడటం అయ్యాక, దీపావళి అంటే ఏమిటో చెప్పమని మాత్రం వాళ్లను లేపకండి. వాళ్లే అడిగితే చెప్పడానికి సత్యభామ కథ సిద్ధంగా ఉంచుకోండి.