మంజీర చేపకు మంచు తెచ్చిన యంత్రం

మంజీర గడ్డకట్టే నది కాదు. పిట్లం, నిజాంసాగర్, బిచ్కుంద వైపు చలికాలం రాత్రుళ్లు ఒక్కోసారి 10 డిగ్రీల కిందికి దిగుతాయి. పొద్దున్నే చేల మీద పొగమంచు కమ్ముకుంటుంది, అరుగుల ముందు చలిమంటలు లేస్తాయి. చలి అక్కడితో ఆగుతుంది. గడ్డకట్టిన నది మీద నడిచి వెళ్లి, బొరియ తొలిచి, అందులోంచి గాలం దించే వేట ఇక్కడివాళ్లు టీవీలో చూడాల్సిందే.

ఆ వేట ఉన్న చలిదేశాల్లో దానికి కట్టుబాట్లు గట్టిగానే ఉంటాయి. మనిషి నిలబడాలంటే గాజులా తేటగా ఉన్న మంచు కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలంటారు. చెరువు మంచును నమ్మినట్టు నది మంచును నమ్మరు. పైన గట్టిగా కనిపించినా అడుగున పారే నీరు దాన్ని కొరికేస్తూ ఉంటుంది. మలుపుల దగ్గర, వంతెన స్తంభాల దగ్గర, వాగు వచ్చి కలిసే చోట మందం ఒక్క అడుగు తేడాలో మారిపోతుంది. లైసెన్సు ఉండాలి, ఎన్ని గాలాలు వేయాలో, ఎన్ని చేపలు పట్టాలో లెక్క ఉండాలి.

మన దగ్గర చేపకూ మంచుకూ సంబంధం వల ఒడ్డుకు చేరాక మొదలవుతుంది. ఇక్కడ మంచును ఇచ్చేది యంత్రం. ఆ యంత్రం పుట్టక ముందు కూడా మన దేశంలో మంచు తయారుచేసినవాళ్లున్నారు. అలహాబాదు ప్రాంతంలో చలికాలం రాత్రుళ్లు లోతు తక్కువ గుంతలు తవ్వి, అడుగున ఎండు చొప్ప పరిచి, దానిమీద పల్చటి మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఉంచేవారు. తెల్లవారేసరికి వాటిలో మంచు పొర కట్టేది. రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు 1775లో లండన్ రాయల్ సొసైటీకి ఈ పద్ధతిని వివరించి రాశాడు. గాలి సున్నా డిగ్రీలకు దిగకపోయినా నీరు గడ్డకట్టడం ఇందులోని విశేషం. మబ్బులేని రాత్రి మూకుట్లోని నీరు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. కింది నేల వేడి పైకి రాకుండా చొప్ప అడ్డుపడుతుంది. మట్టి మూకుడు చెమ్మను ఆవిరి చేసి ఇంకొంచెం చల్లబరుస్తుంది. ఈ శాస్త్రం పుస్తకాలకెక్కక ముందే ఆ పనివాళ్ల చేతుల్లో ఉంది. వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ తర్వాత మంచు ఓడెక్కి వచ్చింది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో చెరువుల మీద కోసిన మంచును రంపపు పొట్టులో కప్పి 1833 మే నెలలో ‘టస్కనీ’ అనే ఓడలో కలకత్తాకు పంపాడు. బయల్దేరినప్పుడు 180 టన్నులు. నాలుగు నెలలు సముద్రం మీద గడిపి సెప్టెంబరులో హుగ్లీ చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. మద్రాసు సముద్రపు ఒడ్డున మంచు దాచడానికి 1842లో కట్టిన గుండ్రటి భవనం ఇప్పటికీ ఉంది. ఆ పేట పేరే ఐస్ హౌస్. 1897లో వివేకానందుడు బస చేసిన భవనం అదే. ఓడెక్కి వచ్చిన ఆ మంచు దొరల గ్లాసుల్లోకే వెళ్లింది, చేపల గంప దాకా రాలేదు.

యంత్రంతో మంచు చేయాలన్న ఆలోచనకు మూలం ఒక్కటే. ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని పట్టి, నొక్కి, మళ్లీ ద్రవంగా మార్చగలిగితే ఈ పని ఎడతెగకుండా సాగుతుంది. జేకబ్ పెర్కిన్స్ 1834లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఫ్లోరిడాలో జ్వరపీడితుల గదులు చల్లబరచాలని తపించిన వైద్యుడు జాన్ గోరీ గాలిని నొక్కి వదిలే మరో దారి పట్టాడు. 1851లో పేటెంట్ వచ్చింది గానీ డబ్బు పెట్టేవాడు దొరకలేదు. నాలుగేళ్లకే పోయాడు.

నాకు ఇందులో మనసుకు దగ్గరైనవాడు జేమ్స్ హారిసన్. స్కాట్లాండులో పుట్టి ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో పత్రిక నడిపిన మనిషి. అచ్చు అక్షరాలను ఈథర్‌తో తుడుస్తుంటే లోహం చేతికి చల్లగా తగలడం గమనించాడు. అచ్చాఫీసుల్లో ఎంతమందో ఆ చల్లదనం తెలిసినవాళ్లే. దాన్ని పట్టుకుని బార్వన్ నది ఒడ్డున యంత్రం కట్టినవాడు హారిసన్. ఈథర్‌ను ఆవిరి చేసి, ఆ ఆవిరిని నొక్కి, మళ్లీ చల్లార్చి తిప్పే ఆ యంత్రం రోజుకు దాదాపు 3 టన్నుల మంచు ఇచ్చేదని చెబుతారు. 1850లలో లండన్ వెళ్లి పేటెంట్లు తీసుకున్నాడు, బీరు కంపెనీలకు చల్లదనం అమ్మాడు. 1873లో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు గడ్డకట్టించిన మాంసం పంపించే సాహసం చేశాడు. ఓడలో యంత్రం పెట్టలేదు, మంచునే నింపి పంపాడు. దారిలో మంచు అనుకున్నదానికన్నా ముందే అయిపోయింది, మాంసం చెడిపోయింది, హారిసన్ ఆస్తి పోయింది. చల్లదనాన్ని తయారుచేయడం తెలిసిన మనిషిని దారిలో గోడల గుండా లోపలికి చొరబడే వేడి ఓడించింది. చేపల పెట్టె మోసే ప్రతివాడికీ ఆ లెక్క ఇవాళ్టికీ ఎదురవుతుంది.

ఈథర్ నిప్పంటుకునే సరుకు. దాని స్థానంలోకి అమ్మోనియా వచ్చింది. ఫ్రాన్సులో ఫెర్డినాండ్ కారే 1859లో అమ్మోనియాను నీటిలో ఇంకించి, కాచి విడదీసే యంత్రం చేశాడు. మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ లిండే 1870లలో అమ్మోనియా కంప్రెసర్‌ను నమ్మకమైన యంత్రంగా నిలబెట్టాడు. మామూలు ఒత్తిడిలో అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మరిగేటప్పుడు బోలెడంత వేడి పీల్చుకుంటుంది. మన ఊళ్లలో దిమ్మలు పోసే ఐస్ ఫ్యాక్టరీ ఇప్పటికీ ఆ లిండే సంతానమే.

లోపలికి వెళితే ముందు ముక్కుకు తెలుస్తుంది, తర్వాత కంటికి. పెద్ద తొట్టి, దానిమీద చెక్క మూతలు, మూతల మీద తెల్లటి చెమ్మ. ఒక మూత తీస్తే కింద ఉప్పునీరు కనిపిస్తుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఉన్నా ఉప్పు వల్ల అది గడ్డకట్టదు. అందులో వరసగా నిలబెట్టిన రేకు డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్లు. అడుగున పాకే గొట్టాల్లో అమ్మోనియా మరుగుతూ ఉప్పునీటి వేడిని లాగేస్తుంటుంది, ఉప్పునీరు డబ్బాల వేడిని లాగుతుంది. నీరు అంచుల నుంచి మధ్యకు గడ్డకడుతూ వస్తుంది. నీటిలో కరిగి ఉన్న గాలి, ఖనిజాలు ముందు ముందుకు నెట్టబడి చివరికి నడిమధ్య ఇరుక్కుంటాయి. దిమ్మ చుట్టూ తేటగా ఉండి నడుమ తెల్లటి కాడ కనిపించడానికి కారణం అదే. గొలుసు కప్పీతో డబ్బాను పైకి లాగి మామూలు నీళ్లలో ఒక్కసారి ముంచి వంచుతారు. దిమ్మ నున్నగా జారి నేల మీదికొస్తుంది.

దిమ్మ కట్టడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టడం వెనక ఒక నియమముంది. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ స్టెఫాన్ ధ్రువ సముద్రాల మంచును గురించి 19వ శతాబ్దం చివర్లో తేల్చిన లెక్క అది. మొదట కట్టిన మంచే తర్వాతి నీటికి దుప్పటిలా అడ్డుపడుతుంది. కాబట్టి మందం రెట్టింపు కావాలంటే కాలం నాలుగింతలు కావాలి. చలిదేశపు నది మీద మంచు మందం పెరగడానికీ, మన ఫ్యాక్టరీ డబ్బాలో దిమ్మ కట్టడానికీ ఇదే సూత్రం. తొందరగా కావాలంటే పల్చటి పెచ్చులుగా చేయాలి. ఫ్లేక్ ఐస్ యంత్రం చేసేది అదే. చల్లటి డ్రమ్ము మీద నీటి పొర గడ్డకట్టగానే గీకి తీసేస్తుంది.

ఇక నిజాంసాగర్‌కు వద్దాం. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్‌లో 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ మంజీర జలాశయం సాగునీటి కోసం కట్టింది. చేప ఆ తర్వాతి పంట. రవ్వ, బొచ్చె, బంగారుతీగ ఇక్కడి వలలకు పడే చేపలు. కొర్రమట్ట వేరే జాతి. పైకొచ్చి గాలి పీల్చగలదు, కొద్దిపాటి తడి ఉంటే బతికే ఉంటుంది, అందుకే బజారులో తొట్టిలో ఈదుతూ అమ్ముడవుతుంది. రవ్వ, బొచ్చెలకు ఆ వరం లేదు. ఒడ్డుకొచ్చిన కాసేపటికే చస్తాయి, చచ్చిన క్షణం నుంచి కండలోని ఎంజైములు, పేగుల్లోని, మొప్పల్లోని బ్యాక్టీరియా పని మొదలుపెడతాయి. 30 డిగ్రీల ఎండలో పొద్దుటి చేప సాయంత్రానికి వాసన తేలుతుంది. అదే చేపను వెంటనే సున్నా డిగ్రీలకు దించి ఉంచితే రెండు వారాల దాకా తినదగ్గదిగా ఉంటుంది. మనలాంటి వేడి నీళ్ల చేపకు ఇందులో ఒక లాభం కూడా ఉంది. దాని మీద ఉండే బ్యాక్టీరియా వేడికి అలవాటుపడినవి కనుక మంచులో చతికిలపడతాయి. చల్లని సముద్రపు చేప మీద ఉండేవి అంత తేలిగ్గా లొంగవు.

లెక్క కష్టమైంది కాదు. కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు తేవాలంటే సుమారు 24 కిలో కేలరీల వేడి తీసేయాలి. కిలో మంచు కరుగుతూ 80 కిలో కేలరీలు పీల్చుకుంటుంది. అంటే చేపను చల్లార్చడానికే 300 గ్రాముల మంచు పోతుంది. పెట్టె గోడల గుండా వచ్చే వేడిని ఆపేది ఆ తర్వాత మిగిలిన మంచే. అందుకే కిలో చేపకు కిలో మంచు అంటారు. మిరుగు రోజు, అంటే జూన్ 8 ప్రాంతంలో, తెలంగాణలో ఇంటింటా చేప వండాలనుకుంటారు. ఎండ ఇంకా తగ్గదు, గిరాకీ మాత్రం ఒక్కసారిగా లేస్తుంది. ఆ రోజుల్లో ఆ కిలోకు కిలో సరిపోదు.

నేను గట్టిగా చెప్పదలచింది ఒక్కటే. మంచు చేపను ఆపగలదు గానీ వెనక్కి తేలేదు. బజారులో చేప మీద చల్లిన మంచు, ఒడ్డున పోయిన నాలుగు గంటల తాజాతనాన్ని తిరిగివ్వదు. మంచు ఉండాల్సిన చోటు పుట్టి దిగే ఒడ్డు. కుదిరితే పుట్టిలోనే చిన్న థర్మాకోల్ పెట్టెలో. చేపలు పట్టే మనిషి దగ్గర మంచు లేకపోతే బేరమాడే వ్యవధి కూడా లేనట్టే. గంటలు గడిచేకొద్దీ అతని సరుకే అతనికి ఎదురు తిరుగుతుంది, వచ్చిన ధరకు ఇచ్చేయాల్సిందే. పిట్లం మీదుగా సంగారెడ్డి వైపూ, దెగ్లూర్ మీదుగా నాందేడ్ వైపూ జాతీయ రహదారి 161 ఉంది. రెండు వైపులా బజార్లున్నాయి. మంచి పెట్టె, చాలినంత మంచు ఉంటే ఆ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలో చేపలు పట్టినవాడే నిర్ణయించుకోగలడు.

ఈ మంచు కూడా ఎలాంటిదైనా ఫరవాలేదనుకోకూడదు. తినే వస్తువుకు తగిలే మంచు తాగదగ్గ నీటితోనే చేయాలన్నది ఆహార భద్రతా నిబంధన. మురికి నీటితో చేసిన దిమ్మ కరుగుతూ ఆ మురికిని నేరుగా మొప్పల్లోకి దింపుతుంది. తినడానికి పనికిరాని మంచును జనం గుర్తుపట్టేలా నీలిరంగు కలపాలని 2018లో ఆదేశాలొచ్చాయి. ఆ ఏడాది జులైలోనే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన చేపలో ఫార్మలిన్ దొరికిందని అస్సాం పది రోజులు బయటి చేపను ఆపేసింది. భీమవరం, కైకలూరు నుంచి ఈశాన్య రాష్ట్రాలకు రోజుల ప్రయాణం. ఆ దూరాన్ని మంచుతో దాటవచ్చని ఏళ్ల తరబడి నిరూపించింది మన లారీలే. మంచు ఖర్చు మిగుల్చుకోవాలని శవాలను నిలవచేసే ఫార్మలిన్‌ను వాడితే అది నేరం, తినేవాడి ఒంటికి చేటు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఫార్మలిన్‌ను, అమ్మోనియాను నిమిషాల్లో పట్టేసే పరీక్ష కాగితాలు తయారుచేసింది. అవి బజారులో కొనేవాడి చేతికి అందాలి.

పట్టే దగ్గర చట్టం ఇంకా పాతది. మందుగుండుతో, విషంతో చేపలు చంపడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. పేలుడుకు చేప కడుపు లోపలే చిరిగిపోతుంది, పేగులు కండకు తగిలి కుళ్లు వేగమవుతుంది, ఎంత మంచు పోసినా అది నిలవదు. చెరువుకు మత్స్యకారుల సొసైటీ సభ్యత్వం, జలాశయానికి మత్స్యశాఖ లైసెన్సు ఉన్నవాడు వలతో పట్టిన చేపకే పెట్టెలో విలువ నిలుస్తుంది. వానాకాలం గేట్లెత్తితే ఒక్కసారిగా వేగం పెరిగే నీటిలోకి లైఫ్ జాకెట్ లేకుండా పుట్టి దింపడం ప్రాణానికే ప్రమాదం.

ఐస్ ఫ్యాక్టరీ కార్మికుడి సంగతి కూడా చెప్పుకోవాలి. అమ్మోనియా లీకైతే కళ్లు, ఊపిరితిత్తులు కాలిపోతాయి. గాలి కన్నా తేలికైన వాయువు కాబట్టి పైకి లేస్తుంది, నీటిలో బాగా కరుగుతుంది. తడిబట్ట ముఖానికి అడ్డం పెట్టుకుని, వంగి, గాలికి ఎదురుగా బయటికి రావాలి. మాస్కు, వాల్వుల తనిఖీ, బయటికి తెరుచుకునే తలుపు ఉండి తీరాలి.

2020లో వచ్చిన ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజనలో ఐస్ ప్లాంట్లకూ, ఐస్ పెట్టె బిగించిన సైకిళ్లు, మోటారు సైకిళ్లకూ సాయం పెట్టారు. పెద్ద ఫ్యాక్టరీ ఎక్కడో పట్నంలో ఉండి, దిమ్మ గోనె కప్పుకుని గంటల ప్రయాణం చేసి జలాశయానికి వచ్చేసరికి కొంత నీళ్లైపోతుంది. రోజుకు ఒకటి రెండు టన్నులిచ్చే చిన్న ఫ్లేక్ ఐస్ యంత్రం నిజాంసాగర్ ఒడ్డునే, సొసైటీ చేతిలో ఉంటే ఆ నష్టం ఉండదు. కరెంటు బిల్లు, మంచినీటి బోరు, నడిపే మనిషి జీతం, ఏడాదిలో పట్టుబడి బాగా ఉండే నెలలు ఎన్ని, ఇవన్నీ సొసైటీ సమావేశంలో కూర్చుని వేసుకోవాల్సిన లెక్కలు. వల ఖర్చు రాసుకునే పుస్తకంలోనే మంచుకూ ఒక గడి గీయాలి.